ఖాసింబీ తుంటిలో మేకు

మా బందరులో సగం ఊరికి ఖాసింబీ అంటే గాజులు. మిగతా సగానికి చావు. మా ఇళ్ళకు ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చేది. శ్రావణమాసం వచ్చిందంటే ఆడవాళ్ళందరం అరుగు మీద ఆమె చుట్టూ మూగి, ముందు నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళం. సాయిబుల ఇళ్ళలో మాత్రం పిలిచిన రోజున తప్ప ఆమెను గుమ్మంలో అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కారు. అక్కడ ఆడమనిషి పోతే ఆఖరి స్నానం చేయించేది ఖాసింబీయే.

ఆ పని ఆమెకు వంశపారంపర్యంగా వచ్చింది కాదు. పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గర. పడవెక్కి కృష్ణ దాటి, బందరులో అద్దకం పనివాడి ఇంటికి కోడలిగా వచ్చింది. కొన్నాళ్ళకే ఊళ్ళో కలరా తిరిగి అత్తగారు పోయింది. స్నానాలు చేయించే ముసలామె ప్రాణభయంతో గుడివాడలో చుట్టాలింటికి పారిపోయింది. ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. కొత్తకోడలు ఒక్కతే నూతిలోంచి నీళ్ళు తోడి, తనకు తెలిసినంతలో అత్తగారికి స్నానం చేయించింది. మర్నాడే ఇంకో ఇంటి నుంచి కబురొచ్చింది. ఆ తర్వాత కబుర్లు ఆగలేదు. గుడివాడ నుంచీ పిలిచేవారు, అవనిగడ్డ నుంచీ పిలిచేవారు. ఆ పనికి చేతిలో ఏమీ పెట్టించుకునేది కాదు. పొట్టకు గాజులున్నాయి, మొగుడు పోయాక కొడుకు హనీఫ్ జట్కా ఉంది.

జబ్బుపడ్డ వాళ్ళను చూడటానికి మాత్రం ఏ ఇంటికీ వెళ్ళేది కాదు. ఒకసారెప్పుడో జ్వరంలో ఉన్న స్నేహితురాలిని పలకరిద్దామని వెళ్తే, ఆమె ఈమెను చూసి కెవ్వున అరిచి గోడకేసి తిరిగిపోయిందట. అప్పటినుంచీ మానేసింది. అందుకే మా అత్తగారు మంచం పట్టినప్పుడు కూడా లోపలికి రాలేదు.

మా అత్తగారు రాజ్యలక్ష్మిగారికి తుంటి విరిగింది. పెరట్లో కాలు జారి పడ్డారు. కట్లు కట్టే ఆయన వచ్చి మినప్పిండి పట్టువేసి, వెదురుబద్దలు పెట్టి, కదలకుండా పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టాం. ఆ ఏడు చలికాలమంతా ఆవిడ మంచంలోనే ఉన్నారు. ముందు వీపు కింద ఎర్రబడింది. తర్వాత పుండు పడింది. తర్వాత దాన్ని కడగటానికి నేను గదిలోకి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర నిలబడి గుండె చిక్కబట్టుకోవలసి వచ్చేది. ఒకరోజు నాకు గాజులు వేస్తూ ఖాసింబీ నెమ్మదిగా అడిగింది: "వీపు చూస్తున్నారా వేదమ్మా?" నాకు ఒళ్ళు మండింది. నా సేవకు వంక పెడుతోందనుకున్నాను. ఆ వాసన వీధి అరుగు దాకా వస్తోందన్న సంగతి అలవాటు పడిన నా ముక్కుకు తెలియదు. ఆవిడ శివరాత్రి దాటకుండానే పోయారు.

ఇది జరిగిన మరుసటేడే ఖాసింబీ మా పెరట్లో పడింది.

యుద్ధం ముగిసిన కొత్తలు. గాజులు వేయడం అయ్యాక చేతులు కడుక్కుంటానని నూతి దగ్గరికి వెళ్ళింది. పాచి మీద కాలు జారింది. నేను వంటింట్లోంచి గలగలా చప్పుడు విని మలారం జారిందనుకున్నాను. వెళ్ళి చూస్తే గాజుపెంకుల మధ్య వెల్లకిలా పడి ఉంది. అరవలేదు. ఆమె కుడి పాదం వైపు చూశాను. పాదం బయటికి తిరిగిపోయి ఉంది, కాలు పొట్టిదైనట్టు పైకి లాక్కుపోయి ఉంది. అత్తగారి కాలు అచ్చం అలాగే ఉండేది.  "లేవగలవా ఖాసింబీ?" అని తెలివితక్కువ ప్రశ్న ఒకటి వేశాను.

"తుంటి పోయిందమ్మా," అంది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. 

హనీఫ్ వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు గానీ పిల్లి ఎదురైతే జట్కా వెనక్కి తిప్పే రకం. తల్లిని చూడగానే ఏడుపు లంకించుకున్నాడు. ఏడుస్తూనే, కట్లు కట్టే ఆయన్ని తీసుకొస్తానన్నాడు. ఆ మాట వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నోరు మూసుకో! మా ఇంట్లో ఆ కట్లు కట్టించాం, ఏమైందో చూశావుగా? నాగభూషణరావు డాక్టరు దగ్గరికి పద," అని కేకలేశాను. మావారు కోర్టు నుంచి వచ్చి, మనకెందుకే ఆ గొడవ అన్నారు. మన పెరట్లో పడిందండీ అన్నాను. 

నులకమంచం మీదే మోసుకెళ్ళాం. నాగభూషణరావు డాక్టరు యుద్ధంలో పనిచేసి వచ్చి, ఊళ్ళో చిన్న ఆసుపత్రి పెట్టాడు. ఎముకల ఫోటో తీసే మిషను ఉందని చెప్పుకునేవారు. ఫోటో తీసి, ఆ నల్లటి రేకును దీపానికి అడ్డంగా పట్టి చూపించాడు.

"తొడ ఎముక పైన బంతిలాగా ఉంటుంది, తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతి కింద మెడ తెగిపోయిందమ్మా. కట్టు కడితే అతికేది కాదు ఇది. మేకు కొట్టాలి."

హనీఫ్ అర్థం కానట్టు చూశాడు. డాక్టరు ఒక రేకుడబ్బా తెరిచి మేకు చూపించాడు. నా చూపుడువేలి కంటే కొంచెం పొడుగు, నిలువునా మూడు రెక్కలు. తళతళలాడుతోంది. తొడ పక్కన కోసి, ఎముకలోంచి ఆ బంతిలోకి దిగేట్టు దీన్ని సుత్తితో కొడతానని చెప్పాడు. హనీఫ్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. 

"బతుకుతుందా డాక్టరుగారూ?" అని అడిగాను.

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడు. చెప్పి ఉంటే బాగుండేదని ఆ పూట అనిపించింది. "కొట్టకపోతే ఏమవుతుందో చెప్పగలను. మీ అత్తగారి సంగతి విన్నాను. కొడితే ఏమవుతుందో మాత్రం ఖాయంగా చెప్పలేను. మిలిటరీలో కుర్రాళ్ళకు కొట్టాను. ఈ వయసువాళ్ళకు చేసింది తక్కువ. వాళ్ళలో ఒకరిద్దరు బల్ల మీద నుంచి దిగలేదు."

ఖాసింబీ అంతా వింటోంది. 

ఆడవాళ్ళ వార్డులో వేరే భయం కాచుకుని ఉంది. మంచం లోపలికి తేగానే కిటికీ పక్కనున్న ఇద్దరు ముగ్గురు మొహాలు విప్పారాయి. "అయ్యో, మన గాజులామె!" అన్నారు. మూలమంచం మీద గొడుగుపేట నుంచి వచ్చిన సాయిబుల ఆవిడ ఒకామె ఉంది, వారాల తరబడి నడుం నొప్పని లేవకుండా పడుకుంది. ఆమె తల తిప్పి చూసింది. చూడటంతోటే దుప్పటి నెత్తి మీదికి లాక్కుని, "నాకింకా టైం కాలేదు, నాకింకా టైం కాలేదు," అని అరవడం మొదలెట్టింది. విషయం ఏమిటో నర్సు అడిగింది. ఆమె చెప్పింది. అంతవరకూ గాజులామె అని మురిసిపోయిన వాళ్ళు కూడా మంచాలు అటు జరిపించుకున్నారు. ఇంకేముంది, వార్డంతా ఒక పక్క, ఖాసింబీ ఒక పక్క.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ తుంటి విరిగి వచ్చింది, మిమ్మల్ని తీసుకుపోవడానికి కాదు!" అని గట్టిగా అన్నాను. ఒకరూ మంచం ఇటు జరపలేదు.

ఆ సాయంత్రం ఖాసింబీ నన్ను దగ్గరికి రమ్మంది. నీరసంగా ఉంది గానీ కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని నన్నే చూసింది.

"వేదమ్మా, తుంటి విరిగి పోయిన ముసలాళ్ళని ఎంతమందిని కడిగానో. పక్కకి తిప్పితే వీపులెట్టా ఉండేయో నీకు చెప్పక్కర్లేదు, చూశావు. కొందరికి ఎముక కనపడేది. ఆ నీళ్ళు పోసేటప్పుడు నాకు చెయ్యాడేది కాదు. పడుకుంటే ఏమవుద్దో నాకు తెలుసు. మేకు కొడితే ఏమవుద్దో తెలీదు. దేనికి ఎక్కువ భయపడాలో చెప్పమ్మా."

నేనేం చెప్పను? డాక్టరే చెప్పలేనన్నాడు. నాకు తోచింది అన్నాను: "ఆ వీపు మళ్ళీ చూడలేను ఖాసింబీ. నీదైతే అసలు చూడలేను."

 "సరే, కొట్టమను," అంది ఖాసింబీ. "ఒక్కటి మాత్రం. కోడల్ని పిలిపించు. బల్లమీదే పోతే నన్ను కడగడానికి ఈ ఊళ్ళో ఎవరున్నారు?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమె గుండెల్లో ఉన్న అసలు భయం. ఊరందరి ఆడవాళ్ళనూ శుభ్రంగా సాగనంపిన మనిషికి తనను సాగనంపడానికి మనిషి లేదు. ఈ పని నేర్చుకోమంటే ఎవరూ దగ్గరికి రాలేదు. కోడలు కరీమున్నీసా అయితే, అత్త స్నానం చేయించి వచ్చిన రోజున ఆమె తాకిన చెంబు కూడా ముట్టుకునేది కాదు. స్నానం సరిగ్గా లేకుండా మట్టిలోకి పోవడమంటే ఖాసింబీకి చావు కంటే భయం.

మర్నాడు మధ్యాహ్నం కరీమున్నీసా వచ్చింది. సన్నగా, గాలికి ఊగేటట్టు ఉండే పిల్ల. విషయం వినగానే తలుపు వైపు చూసింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"నేను పోయాననుకో," అంది ఖాసింబీ కోడలితో. "రేగాకు వేసి నీళ్ళు కాచాలి. గోరువెచ్చగా ఉండాలి. మోచేత్తో చూసుకో. ఒంటి మీద గుడ్డ తియ్యకూడదు, గుడ్డ కిందనుంచే కడగాలి. ముందు కుడిపక్క. ఆ తర్వాత ఎడమ. ఎప్పుడూ కుడే ముందు. ఆఖరి చెంబులో కర్పూరం. ఊఁ, పట్టుకో నా చెయ్యి."

కరీమున్నీసా పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి ఎంత వణికిందంటే ఖాసింబీ చేతి గాజులు మోగాయి.

"నేనింకా వెచ్చగానే ఉన్నాగా, ఎందుకంత భయం?" అని ఖాసింబీ కసిరింది. కసురుతూనే తనూ ఏడ్చింది. "కుడితుంటి మీద నొక్కమాకు. అక్కడ మేకుంటది. తియ్యనీయొద్దు ఎవర్నీ. పోయినోళ్ళ ఎముక విరిస్తే బతికున్నోళ్ళకి విరిచినంత నొప్పి. వాళ్ళకి అన్నీ తెలుస్తయ్యే. అన్నీ వినపడతయి. మాట్లాడలేరు, అంతే."

మూలమంచం దుప్పటి కింద నుంచి ఏడుపు వినపడింది. కిటికీ పక్కవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఒక మనిషి బతికుండగానే తన శవానికి స్నానం ఎలా చేయించాలో వేలు పెట్టి చూపిస్తుంటే చూడటం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నేను పారిపోలేదు, అంతవరకే చెప్పగలను.

మర్నాడు ఆపరేషనుకు ముందు హనీఫ్ తల్లి చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పబోయాడు. "మత్తిచ్చి పడుకోబెట్టేస్తారమ్మీ. నీకేమీ తెలీదు. కళ్ళు తెరిచేసరికి మంచం మీదుంటావు." అది వాడి ఊహ. క్లోరోఫారం అందరికీ అలాగే ఇస్తారని మేమూ అనుకున్నాం. డాక్టరేమో ఇంత వయసుకు అది మంచిది కాదని, నడుం దగ్గర వెన్నులోకి సూది ఇవ్వాలనుకున్నాడు. నడుం కిందికి మొద్దుబారుతుంది, మెలకువగానే ఉంటుంది. ఆ సంగతి ఆయన ఆమెకు చెప్పే ఉంటాడు. భయంలో ఆమెకు ఎక్కి ఉండదు. ఆమె తలలో కొడుకు మాటే ఉంది. నిద్రపోతాను, లేచేసరికి మంచం.

ఆ గదిలో ఏం జరిగిందో తర్వాత ఆమె చెబితేనే నాకు తెలిసింది.

సూది దిగింది. నిద్ర రాలేదు. కాసేపటికి పాదాలు పోయాయి. తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుం. దీపం వెలుగు పడకుండా మొహం మీద తెల్లగుడ్డ కప్పారు. చేతులు రెండూ ఒంటికి పక్కగా కట్టారు. ఎవరో పళ్ళెంలో నీళ్ళు పోస్తున్న చప్పుడు. చుట్టూ గొంతుకలు, ఆమెకు రాని ఇంగ్లీషులో. ఖాసింబీ ఆ గుడ్డ కింద కళ్ళు తెరుచుకుని ఆలోచించింది. నిద్ర రాలేదు. మంచం మీద లేను. ఒళ్ళు తెలియడం లేదు. అన్నీ వినపడుతున్నాయి.

ఓహో, అనుకుంది. పోయాను.

ముప్పైఏళ్ళకు పైగా తను నమ్మినదీ, కోడలికి నిన్ననే చెప్పినదీ అక్షరాలా అలాగే ఉంది. అప్పుడు సుత్తిదెబ్బలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకూ ఒళ్ళంతా బల్ల మీద కదిలిపోతోంది, నొప్పి మాత్రం లేదు. గోరీలో శవం మీద పరిచే చెక్కలు కొడుతున్నారనుకుంది. "నాకు స్నానమే కాలేదు, చెక్కలు కొట్టేస్తున్నారేంట్రా నాయనా అని గుండె ఆగిపోయిందమ్మా," అంది నాతో. పోయాననుకున్న మనిషికి గుండె మళ్ళీ ఎలా ఆగిందని నేను అడగలేదు. కరీమున్నీసాను పిలవాలనుకుంది. పిలవలేదు. పోయినవాళ్ళు మాట్లాడలేరు, కాబట్టి ప్రయత్నమే చెయ్యలేదు.

బయట మాకు ఆ దెబ్బలు గోడలోంచి వినపడుతూనే ఉన్నాయి. హనీఫ్ రెండు చేతులతో చెవులు మూసుకుని గుర్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కరీమున్నీసా నా చీరచెంగు పట్టుకుంది, వదల్లేదు.

తలుపు తెరిచారు. డాక్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "మేకు చక్కగా కూర్చుంది," అన్నాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి. ఆయన వెనక్కి తిరిగి, "అవ్వా, అయిపోయింది. ఎలా ఉంది?" అని అడిగాడు.

ఖాసింబీ పలకలేదు.

మళ్ళీ పిలిచాడు. చెంప మీద తట్టాడు. రెప్పలు పైకెత్తి చూశాడు. చెయ్యి గిల్లాడు. ఏం చేసినా ఉలుకూ పలుకూ లేదు. వార్డులోకి తెచ్చి పడుకోబెట్టాక కూడా అంతే. ఆయన మొహం మారిపోయింది. నాడి పట్టుకున్నాడు, గొట్టం పెట్టి చూశాడు, మళ్ళీ నాడి పట్టుకున్నాడు. "గుండె బాగుంది. ఊపిరి బాగుంది. ఎందుకు పలకడం లేదో అర్థం కావడం లేదు. మెదడుకేమైనా అయిందేమో," అన్నాడు. డాక్టరు గొంతులో భయం విన్నాక మాకు ఇంకేం మిగులుతుంది?

హనీఫ్ బావురుమన్నాడు. మూలమంచం ఆవిడ దుప్పటి కిందనుంచే, పోయినవాళ్ళ కోసం చదివే మాటలు గొణగడం మొదలుపెట్టింది. నేను ఖాసింబీ చెవి దగ్గర వంగి, "ఖాసింబీ, ఖాసింబీ, నేనే, వేదమ్మని," అని ఎన్నిసార్లు అన్నానో. అత్తగారి గది గుమ్మంలో నిలబడ్డప్పటి భయం మళ్ళీ వచ్చింది. నేనే కదా మేకు కొట్టించమన్నది. కట్లు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళి ఉంటే కనీసం కొన్నాళ్ళు మాట్లాడేది.

పిచ్చిముండ, అన్నీ వింటూనే ఉందట. "నువ్వు పిలుస్తూనే ఉన్నావమ్మా. పోయినోళ్ళని అందరూ అట్టాగే పిలుస్తారు. పలక్కపోతేనే కదా, నన్ను పిలిపించేది," అంది తర్వాత. కొడుకు ఏడుపు విన్నాక ఆమెకు ఏ మూలో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. ఇక ఒక్కదాని కోసమే కాచుకుని పడుకుంది. స్నానం.

పొద్దు వాలుతుండగా నర్సు వచ్చి, రోగి మొహం, చేతులు తడిగుడ్డతో తుడవమని కరీమున్నీసాకు గిన్నెలో వేణ్ణీళ్ళు ఇచ్చింది. ఆ పిల్ల మోచెయ్యి ముంచి చూసింది.  గుడ్డ తడిపి అత్త నుదురు తుడిచింది. చెంపలు తుడిచింది.  తర్వాత మంచానికి తను నిలబడ్డ వైపే అందుబాటుగా ఉన్న చెయ్యి ఎత్తి పట్టుకుంది. అది ఎడమచెయ్యి.

"కుడి!" అని ఒక్క అరుపు అరిచింది ఖాసింబీ. "కుడిచెయ్యి ముందు! నిన్న ఎంతసేపు చెప్పానే నీకు!"

గిన్నె ఎగిరి నా మీద పడింది. కరీమున్నీసా గోడకు కరుచుకుపోయింది. నడుం నొప్పితో వారాల నుంచి లేవని మూలమంచం ఆవిడ లేవడం లేవడమే వీధిలోకి పరిగెత్తింది. ఆమెను పట్టుకురావడానికి ఇద్దరు వెళ్ళవలసి వచ్చింది.

అందరికంటే ఎక్కువ భయపడింది ఖాసింబీయే. నోటి మీద చెయ్యి వేసుకుని, కళ్ళు విప్పి, నా వైపు చూసింది.

"నేను మాట్లాడానా?" అంది గుసగుసగా.

"మాట్లాడావు! చచ్చినదానా, ఇంతసేపూ ఎందుకు మాట్లాడలేదే?" అని తిడుతూ ఏడ్చాను.

"నేను పోలేదా వేదమ్మా?"

"పోలేదు!"

నమ్మలేదు. హనీఫ్ చెప్పినా నమ్మలేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చి చెప్పాడు, ఆయన మాటా నమ్మలేదు. మరికాసేపటికి మొద్దుబారిన కాళ్ళకు తెలివి వచ్చి, తుంటిలో నొప్పి మొదలైంది. పళ్ళు బిగబట్టి, చెమటలు కారుస్తూ, "అబ్బా," అంది. అప్పుడు నమ్మింది. నమ్మి, నా చెయ్యి పట్టుకుని చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. "ఎంత భయమేసిందమ్మా! ఒక్కరన్నా చెప్పలేదు. నాకేమైందో, నన్నేం చేస్తున్నారో ఒక్కరన్నా నాతో చెప్పలేదు."

మేకు నిలబడింది. రెండో రోజే కూర్చోబెట్టారు. కాలు నేల మీద మోపనివ్వడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. ఆ నెలలన్నీ కరీమున్నీసా పూటపూటకూ పక్కకు తిప్పేది, నేను సాయంత్రం పూట వెళ్ళి వీపు చూసేదాన్ని. చెయ్యి పెట్టి తడిమి మరీ చూసేదాన్ని. ఎక్కడా ఎరుపన్నది లేదు. అయినా ప్రతిరోజూ గుడ్డ తొలగించేముందు నా గుండె దడదడలాడేది. ఖాసింబీ నడక చంకల్లో కర్రలతో మొదలుపెట్టి, చేతికర్రకు దిగింది. కొంచెం కుంటు మిగిలింది. మలారం మొయ్యడం మానేసి ఇంటి దగ్గరే గాజులు అమ్మింది. మేమే వెళ్ళేవాళ్ళం.

మరుసటేడు ఎండాకాలంలో, మావారితో కోర్టులో పనిచేసే హిదాయతుల్లాగారి తల్లి పోయింది. పలకరించడానికి వెళ్ళాను. ఆడవాళ్ళంతా లోపలి వసారాలో కూర్చున్నారు. పెరట్లో దుప్పట్లు అడ్డం కట్టి స్నానం చేయిస్తున్నారు. చెంబుల చప్పుడు వినపడుతోంది. దానితోపాటు ఒక గొంతు వినపడింది. ఆగకుండా, నెమ్మదిగా. ఖాసింబీది.

నాకు ఒళ్ళు జలదరించింది. శవం దగ్గర మాటలేమిటి? బయట నీళ్ళు మోస్తున్న ఆమెను అడిగితే పెదవి విరిచింది. "ఇదివరకు పని దగ్గర నోరిప్పేదే కాదండీ. మేకు కొట్టినకాడి నుంచీ ఇంతే. కోడలు నీళ్ళు పోస్తది, ఈమె తల దగ్గర స్టూలేసుక్కూర్చుని మాట్లాడుద్ది. మెదడుకేమో అయిందంటారు."

నేను దుప్పటికి దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఉర్దూలో మాట్లాడుతోంది. ఇరుగుపొరుగున ఉండి ఉండి నాకు ఆ మాత్రం తెలుస్తుంది.

"నువ్వు పోయావమ్మా. పొద్దున్నే పోయావు. నీ కొడుకులిద్దరూ దగ్గరే ఉన్నారు. ఇప్పుడు నీళ్ళు పోస్తున్నాం, వేడి సరిగ్గానే ఉంది. నేను ఖాసింబీని, ఈ పిల్ల నా కోడలు. మగాళ్ళెవరూ లేరిక్కడ. ఇదిగో పక్కకి తిప్పుతున్నాం, పట్టుకునే ఉన్నాంలే, పడవు. ఇంకొంచెం సేపే. చెక్కల చప్పుడు వినపడితే భయపడమాకు, అది తర్వాత. చెప్పే చేస్తాం."

తిరిగి వచ్చేటప్పుడు హనీఫ్ జట్కాలో ముగ్గురం కలిసే వచ్చాం. కరీమున్నీసా అలిసిపోయి కళ్ళు మూసుకుంది. నేను ఉండబట్టలేక అడిగాను: "అవన్నీ వాళ్ళకి నిజంగా వినపడతాయంటావా ఖాసింబీ?"

ఆమె కాలు చాపుకుని, తుంటి మీద చెయ్యి వేసుకుంది.

"ఏమోనమ్మా. వినపడకపోతే పోయేదేం లేదు. వినపడితే మాత్రం, ఆ భయం ఎట్టాంటిదో నాకు తెలుసు."